కొండ ఒక పటంలో, మనుషులు ఒక పటంలో

మా తమ్ముని కూతురు బెంగళూరులో ఫోటోగ్రఫీ చదువుతోంది. ఈ ఏడు వాళ్ళకు ‘జక్స్టాపొజిషన్’ అని ఒక పాఠం వచ్చింది. పేరు నోరు తిరగదు గానీ సంగతి మనకు తెలిసిందే. రెండు వస్తువుల్నో రెండు బొమ్మల్నో పక్కపక్కన పెడితే, ఏ ఒక్కదానిలోనూ లేని మూడో సంగతి చూసేవాళ్ళకు తోస్తుంది. ఇంట్లో పెళ్ళి ఫోటో పక్కన షష్టిపూర్తి ఫోటో పెట్టి చూడండి, తెలుస్తుంది.

దీని మీద పాప పన్నెండు ఫోటోలు చేసి చూపించాలి. మొదట అందరు పిల్లల్లాగే ఫోన్లో వెతికింది. న్యూయార్కు వీధులు, పారిస్ వానలు, అవే మళ్ళీ మళ్ళీ వచ్చాయి. సెలవులకు హోసూరు వచ్చినప్పుడు నన్నడిగింది: "పెదనాయనా, మన పక్క ఊర్లకు పాత పటాలు ఏమైనా ఉండాయా?"

ఉన్నాయి. అవి ఎవరు తీశారు, ఎందుకు తీశారు, వాటిలో ఏమి పడింది, ఏమి పడలేదు అని పాపకు చెప్పుకుంటూ పోతే చాలా సంగతులు తేలాయి. మన పిల్లలు చదువుకుంటారని ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఫోటోల కంటే ముందు కొంచెం వెనక్కి పోవాలి. హోసూరు, కృష్ణగిరి, రాయకోట, డెంకణికోట, శూలగిరి... మొరసునాడు అని మన పెద్దలు పిలిచే ఈ సీమలో తెలుగువాళ్ళు ఎప్పటినుంచి ఉన్నారంటే ఇంటికొక కథ చెబుతారు. విజయనగరం కాలం అన్నది ఎక్కువమంది మాట. పెనుకొండను శత్రువుల నుంచి కాపాడిన జగదేవరాయలు అనే నాయకుడికి రాయలవారు బారామహల్ సీమను ఇచ్చారనీ, ఆయన జగదేవిలో కోట కట్టుకుని ఏలాడనీ చరిత్ర. కృష్ణగిరికి తూర్పున ఆ జగదేవి ఊరు ఇప్పటికీ ఉంది. ఆ తరవాత మైసూరు రాజులు, హైదరలీ, టిప్పు. 1791లో మూడో మైసూరు యుద్ధంలో కంపెనీ సైన్యం హోసూరునూ రాయకోటనూ పట్టుకుంది. అదే ఏడు నవంబరులో కృష్ణగిరి మీద కూడా దాడి చేసింది గానీ పైకోట లొంగలేదు. 1792 మార్చిలో శ్రీరంగపట్నం సంధితో బారామహల్ కంపెనీ చేతికి వచ్చింది. హోసూరు మాత్రం ఇంకో ఏడేళ్ళు మైసూరు కిందే ఉండి, 1799లో టిప్పు పోయాక మద్రాసు వైపు వచ్చింది.

యుద్ధం ముగిసీ ముగియకముందే ఈ దారిన ఇద్దరు చిత్రకారులు వచ్చారు. థామస్ డేనియల్, ఆయన అన్నదమ్ముల బిడ్డ విలియం డేనియల్. 1792లో మద్రాసు నుంచి బయలుదేరి, సైన్యం నడిచిన దారి పట్టుకుని, మన కొండలన్నీ గీసుకుంటూ పోయారు. వాళ్ళ దగ్గర కెమెరా అబ్‌స్క్యూరా ఉండేది. చీకటి పెట్టె, ఒక పక్క కటకం. ఎదురుగా ఉన్న కొండ నీడ లోపల కాగితం మీద పడుతుంది, దాని వెంబడి పెన్సిలుతో గీసుకోవడమే. ఫోటో పుట్టడానికి నలభై ఏళ్ళకు పైగా ముందు మన కొండలు కెమెరాలో పడ్డాయంటే తప్పు లేదు, నిలవలేదంతే.

లండను తిరిగి పోయాక వాళ్ళు ‘ఓరియంటల్ సీనరీ’ అని పెద్ద పెద్ద అచ్చుబొమ్మలు వేశారు. 1801లో మొదలైన మూడో భాగంలో మన పక్కవి కొన్ని ఉన్నాయి: రాయకోట, వీరభద్రదుర్గం, జగదేవి, హోసూరు. మన హోసూరు పేరును వాళ్ళు ‘ఊసూరు’ అని రాసుకున్నారు, పక్కన ‘మైసూరులో’ అని కూడా ఉంటుంది. 1792 నాటికి అది సరైన మాటే.

ఇంత దూరం వచ్చి ఈ రాళ్ళగుట్టలను ఎందుకు గీశారని పాప అడిగింది. కొనేవాళ్ళు ఉన్నారు కాబట్టి. టిప్పుతో యుద్ధం లండను పత్రికల్లో రోజూ వచ్చే కబురు. ఆ కోటలు ఎట్లా ఉంటాయో చూడాలని అక్కడివాళ్ళకు తహతహ. సైన్యంలో పనిచేసిన అలెగ్జాండర్ అలన్, కోల్‌బ్రుక్, సైన్యం వెంట నడిచిన చిత్రకారుడు రాబర్ట్ హోమ్, వీళ్ళందరూ 1793, 1794ల్లోనే మైసూరు బొమ్మల పుస్తకాలు తెచ్చేశారు. డేనియల్‌లు ఆలస్యంగా వచ్చినవాళ్ళు, కానీ చేతిపనిలో గట్టివాళ్ళు. ఆ కాలం చిత్రకారులకు ఒక అలవాటు ఉండేది. వెనక కొండ, ముందొక చెట్టు, ఆ చెట్టు కింద తలపాగా చుట్టుకున్న ఇద్దరు ముగ్గురు మనుషులు. కొండ ఎంత ఎత్తో తెలియాలి కదా, అందుకు మనుషులు కావాలి. కొలకర్ర లాగా. వాళ్ళు ఎవరో, ఏ భాష మాట్లాడేవాళ్ళో బొమ్మకు పని లేదు.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను.

లిన్నియస్ ట్రైప్. 1822లో ఇంగ్లండులోని డెవన్‌పోర్టులో పుట్టాడు. ఇరవై నిండకముందే మద్రాసు సైన్యంలో చేరి, 12వ నేటివ్ ఇన్‌ఫాంట్రీలో ఆఫీసరు అయ్యాడు. సెలవు మీద స్వదేశం పోయినప్పుడు, అప్పటికి కొత్తగా వచ్చిన ఫోటో విద్య నేర్చుకున్నాడు. 1854లో బెంగళూరు తిరిగొచ్చి హళేబీడు, బేలూరు గుళ్ళను తీశాడు. 1855లో మద్రాసులో జరిగిన ఎగ్జిబిషన్లో వాటికి మెడల్ వచ్చింది. ఆ ఏడే బర్మా రాజు దగ్గరికి పోయిన రాయబారంతో వెళ్ళి అక్కడ వందకు పైగా ఫోటోలు తీశాడు. 1856లో మద్రాసు ప్రభుత్వం ఆయన్ను తమ సొంత ఫోటోగ్రాఫరుగా వేసుకుంది. గుళ్ళు, కోటలు, శాసనాలు, పాడైపోయేలోపల అన్నిటినీ ఫోటో తీసి పెట్టాలన్నది హుకుం.

1857 డిసెంబరులో బెంగళూరు నుంచి ఎద్దుబండ్ల మీద సామాను వేసుకుని ఆయన దక్షిణానికి బయలుదేరాడు. ఉత్తరాన సిపాయిల తిరుగుబాటు ఇంకా రగులుతున్న రోజులవి. ఇక్కడ ఒక కెప్టెను పెట్టెలు, సీసాలు, మైనం పూసిన కాగితాలు పట్టుకుని కొండల వెంట తిరుగుతున్నాడు. సేలం జిల్లా, శ్రీరంగం, తిరుచిరాపల్లి, మదురై, పుదుక్కోట, తంజావూరు చూసుకుని ఏప్రిల్ ఆఖరుకు మద్రాసు చేరాడు. 270కి పైగా పెద్ద నెగటివులు, అవి గాక 160 దాకా చిన్న స్టీరియో నెగటివులు తెచ్చాడు. 1858లో వాటిని ఊరి పేర్లతో ఆల్బములుగా వేశారు. వాటిలో ఒకదాని పేరులోనే మన రాయకోట ఉంది: ‘రాయకోట, సేలం జిల్లాలోని ఇతర ప్రదేశాల ఫోటో దృశ్యాలు’ అని. మదురై, తంజావూరు, శ్రీరంగం అంటే లోకమంతా ఎరిగిన ఊళ్ళు. వాటి సరసన టమోటా మండీ ఉన్న మన రాయకోట. ఈ సంగతి తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఆయన ఫోటో ఎట్లా తీసేవాడో చెబితే పాప నోరు తెరుచుకుని విన్నది. నెగటివు గాజు మీద కాదు, కాగితం మీద. ఫ్రాన్సులో గుస్తావ్ లెగ్రే అనే ఆయన 1851లో ఈ పద్ధతి బయటపెట్టాడు. మంచి కాగితానికి ముందే మైనం పట్టించి, తరవాత వెండి లవణాలు పూసి ఆరబెట్టుకుంటే కొన్ని రోజులు నిలవ ఉంటుంది. గాజు పలకలైతే అప్పటికప్పుడు తడిగా తయారుచేసి, తడిగానే వాడాలి. బండి మీద ఎండలో పోయేవాడికి కాగితమే మేలు. నెగటివు పన్నెండు అంగుళాలకు పదిహేను అంగుళాలు. అప్పట్లో పెద్దది చేసి అచ్చు వేయడం లేదు కాబట్టి ఫోటో ఎంత కావాలో నెగటివూ అంతే ఉండాలి, కెమెరా కూడా దానికి తగ్గట్టే. ఒక్కో ఫోటోకు నిమిషాల తరబడి కటకం తెరిచి పెట్టాలి.

నిమిషాల తరబడి తెరిచి పెట్టడంలోనే అంతా ఉంది. కదిలేది ఏదీ పడదు. మేక దాటిపోతే పడదు. బిందె పట్టుకుని ఆడమనిషి పోతే పడదు. పడేది బండ, గోడ, గుడి. ట్రైప్ ఫోటోల్లో మనుషులు చాలా అరుదు. కెమెరాకు చేతకాక కొంత, ఆయనకు అక్కర్లేక కొంత. ఆయన పని కట్టడాల లెక్క రాయడం. సర్వే చేసే ఆఫీసరు చూపు అది. ఆ చూపులో ఉన్న అందం గొప్పది, నేను తక్కువ చేసి చెప్పడం లేదు. కానీ 1857 డిసెంబరులో రాయకోటలో రాగులు నూర్చేవాళ్ళు ఉండి ఉంటారు, సంతకు పోయేవాళ్ళు ఉండి ఉంటారు, వాళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు తప్పకుండా ఉంటారు. ఫోటో చూస్తే ఊరు ఖాళీ చేసి పోయినట్టు ఉంటుంది.

ఆ కాగితపు నెగటివులతో ఇంకో చిక్కు. అవి నీలిరంగుకు మరీ తొందరగా స్పందిస్తాయి. కొండ సరిగ్గా పడేలోపల ఆకాశం మాడిపోతుంది. అచ్చు వేస్తే పైన తెల్లగా, ఏమీ లేకుండా వస్తుంది. అందుకని ట్రైప్ నెగటివు మీదనే కుంచెతో రంగు పూసి మబ్బులు దిద్దేవాడు. చెట్ల ఆకులను కూడా సరిచేసేవాడు. ప్రభుత్వం కోసం ఉన్నది ఉన్నట్టు తీసిన ఫోటోలో మబ్బులు చేతితో వేసినవి! ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఇంకొక సంగతి చెప్పకుండా పోలేను, పక్కదారి అయినా సరే. అదే 1858లో, మద్రాసు చేరాక, ఆయన అమరావతి శిల్పాలను ఫోటో తీశాడు. వాల్టర్ ఎలియట్ 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించి మద్రాసు తెప్పించిన పాలరాళ్ళు అవి. మ్యూజియం దగ్గర పడి ఉన్నవాటిని పక్కపక్కన నిలబెట్టి 75 ఫోటోలు చేశాడు. మరుసటి ఏడే ఆ రాళ్ళు ఓడెక్కి లండను పోయాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఒకే మనిషి, ఒకే ఏడాది, ఒకే చేతిపని. రాయకోట దుర్గం, అమరావతి శిల్పం. ఒకటి ఎవరూ ఎత్తుకుపోలేని కొండ, ఇంకొకటి ఎత్తుకుపోయిన రాయి. పాప తన పన్నెండులో మొదటి జంటగా ఈ రెంటినీ పెట్టుకుంది. నాకు ఆ జంట ఇప్పటికీ నచ్చుతుంది.

ట్రైప్ ఉద్యోగం ఎంతో కాలం నిలవలేదు. 1859లో మద్రాసుకు కొత్త గవర్నరుగా వచ్చిన ట్రెవెల్యన్ లెక్కలు చూసి, ఇది మన ఖజానాకు తగని విలాసం అని ఆపించేశాడు. ట్రైప్ మళ్ళీ సైన్యం పనిలోకి పోయాడు. తరవాత ఫోటోల జోలికి పెద్దగా రాలేదు. 1902లో పుట్టిన ఊరిలోనే చనిపోయాడు. నూట యాభై ఏళ్ళు దాటాక, 2014, 2015ల్లో వాషింగ్టన్, న్యూయార్కు, లండను మ్యూజియములు వరసగా ఆయన ఫోటోలు ప్రదర్శించాయి. అక్కడున్న మనవాళ్ళు ఎవరైనా పోయి చూసి ఉంటే, సేలం జిల్లా కొండలను గుర్తుపట్టారో లేదో.

ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో సి. అయ్యస్వామి అనే ఆయన ఉన్నాడు. డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ 1850లో మద్రాసులో పెట్టిన ఆర్ట్ స్కూలులో తరవాత ఫోటోగ్రఫీ పని చేశాడు. ఫోటోగ్రఫీ చదివే పిల్లలకు నేను చెప్పేది, పారిస్ వాళ్ళ పేర్లు నేర్చుకోండి, తప్పు లేదు. ఈ అయ్యస్వామి పేరు కూడా నేర్చుకోండి. మన పక్క ఫోటో విద్యార్థుల్లో పేరు మిగిలిన తొలి తరం వాడు.

ఇప్పుడు మా ఇంటి గోడ దగ్గరికి రండి.

మా ఇంట్లో ఉన్న పాత పటాల్లో పెద్దది మా తాత, అవ్వ కలిసి తీయించుకున్నది. తాత కుర్చీలో, అవ్వ పక్కన నిలబడి, భుజం నిండా కొంగు. వెనక మెట్లు, మెట్ల మీద పూలకుండీ, అవతల చెరువు, చెరువులో హంసలు, పైన మబ్బులు. మా తాత జన్మలో అట్లాంటి మేడ మెట్లు ఎక్కలేదు. అది స్టూడియోలో వేలాడదీసిన తెర. మబ్బులు గీసినవే. ట్రైప్ దొర కొండ మీద మబ్బులు గీశాడు, మన స్టూడియో ఆయన అవ్వ తల మీద మబ్బులు గీయించాడు. ఈ మాట అనగానే పాప లేచి పోయి రెండు పటాలనూ నేల మీద పక్కపక్కన పెట్టింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

తరవాత అన్నది: "పెదనాయనా, దీంట్లో కొండ ఉంది, మనుషులు లేరు. దీంట్లో మనుషులు ఉండారు, కొండ లేదు."

నిజమే కదా. మా ఇంట్లోనే కాదు, మీ ఇంట్లో చూడండి. 1950లు, 60ల ఫోటోల్లో హోసూరు కనబడదు. చంద్రచూడేశ్వరుని కొండ కనబడదు, తేరు వీధి కనబడదు, రామనాయకన్ చెరువు కనబడదు. తెర, కుర్చీ, పూలకుండీ. ఊరికి ఫోటో తీసినవాళ్ళు దారిన పోయేవాళ్ళు, వాళ్ళకు మనతో పని లేదు. మనం ఫోటో తీయించుకున్నప్పుడు ఊరు వెనక ఉండడం మనకు ఇష్టం లేదు, మేడ కావాలి. దుమ్ము వీధి, తాటాకు పందిరి వెనక పడితే చిన్నతనం అనుకున్నారేమో. ఫోటో అంటే ఇంట్లో జీవితకాలంలో రెండు మూడు సార్లు జరిగే పని, ఆ ఒక్క రోజు అయినా హంసల చెరువు ముందు నిలబడాలని కోరుకోవడంలో తప్పు పట్టను.

ఆ పటానికి వెనక పక్క కూడా ఒకటుంది. అట్టలు విప్పితే ఫోటో వెనక తాత చేతిరాత కనిపించింది: ‘విళంబి మాఘం. పెద్దోని పెండ్లి అయినంక తీయించినది.’ పాపకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చింది, కానీ ‘విళంబి’ అంటే ఏమిటో తెలియలేదు. అరవై సంవత్సరాల పేర్లలో ఒకటమ్మా, ఇది 1959 అవుతుంది అని చెప్పాను. లెక్క వేసి చూస్తే 2019 ఫిబ్రవరిలో హోసూరు కార్పొరేషన్ అయినప్పుడు నడిచింది మళ్ళీ విళంబి మాఘమే. ఒకే పేరు కింద రెండు హోసూర్లు. పాప ఈ జంటను కూడా రాసుకుంది: ఒక పక్క ఫోటో వెనకున్న తాత చేతిరాత, ఇంకో పక్క కార్పొరేషన్ కొత్త బోర్డు.

ఆ చేతిరాత మా తమ్మునికి గడగడా వస్తుంది. పాపకు తడుముకుంటే వస్తుంది. పాప తమ్మునికి అసలు రాదు. రాష్ట్రాలు విడిపోయి, 1960 ఏప్రిల్ 1న సరిహద్దు సర్దినప్పుడు సేలం జిల్లా నుంచి కొన్ని ఊళ్ళు ఆంధ్రకు పోయాయి, మనం ఇటే ఉండిపోయాం. అయినా తెలుగు బడులు నడిచాయి. 2006 చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడం మంచిదే, ఇక్కడ బతికేవాళ్ళకు కావాలి, మాకు ముందే వచ్చు. కానీ బడిలో రెండో భాషకు చోటు ఎంత మిగిలిందన్నది ఇంటింటా తెలిసిన సంగతే. గోడకు తగిలించిన పటాల్లో బొమ్మ మన వైపు ఉంటుంది, తెలుగు గోడ వైపు ఉంటుంది.

పాప వాళ్ళ మాస్టరు ఇంకో దారి కూడా చెప్పాడు: పాత ఫోటో తీసిన చోటే మళ్ళీ నిలబడి, అదే కొలతతో, అదే వెలుతురులో కొత్తది తీయడం. అమెరికాలో మార్క్ క్లెట్, ఆయన స్నేహితులు 1977 నుంచి 1979 దాకా ఇదే పని చేశారు. వాళ్ళ పడమటి కొండలను 1870ల్లో ప్రభుత్వ సర్వే వాళ్ళు తీసిన ఫోటోలు పట్టుకుని ఆ చోట్లన్నీ వెతికారు. ట్రైప్ ఫోటోకు ఇది చక్కగా సరిపోతుంది. చోటు పట్టుకోవడానికి కిటుకు ఉంది. ముందున్న ఏదో ఒక బండ అంచు, వెనక కొండ మీద ఏదో ఒక గుర్తు, ఈ రెండూ పాత ఫోటోలో ఎంత ఎడంగా ఉన్నాయో చూసుకోవాలి. మీరు కుడికి జరిగితే ముందు బండ ఎడమకు జరిగినట్టు కనబడుతుంది. అట్లా జరుగుతూ జరుగుతూ రెండూ సరిగ్గా కుదిరిన దగ్గర నిలబడితే అదే చోటు. నీడలను బట్టి పొద్దు ఎంత ఎక్కిందో తెలుస్తుంది. ట్రైప్ బెంగళూరు వదిలింది డిసెంబరులో కాబట్టి మనమూ ఆ చలికాలపు ఎండలోనే పోవాలి, వేసవిలో పోతే నీడ వేరే తిరుగుతుంది.

డిసెంబరులో ఇద్దరం రాయకోట పోయాం. దుర్గం ఇప్పుడు పురావస్తు శాఖ రక్షణలో ఉంది, బోర్డు ఉంది. కొండ మారలేదు. కింద అంతా మారింది. టమోటా మండీ దగ్గర ఒక పెద్దాయన మా చేతిలో ఫోటో చూసి, "కొండకు ఫోటో తీస్తే కొండ పెరుగుతుందా పాపా?" అని నవ్వాడు. తెలుగే. బండలు చూసుకుంటూ ఇటూ అటూ రెండు గంటలు తిరిగాం. లెక్క కుదిరేటట్టున్న చోట ఒక మిద్దె ఇల్లు ఉంది. ఇంటామె పైకి పోనిచ్చింది. మిద్దె మీద ఇంకో ముసలామె కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. మా ఊళ్ళలో ఆ నెలంతా పితికిపప్పు వాసనే కదా.

పాప కాళ్ళపీట పెట్టి, కెమెరా బిగించి, పాత ఫోటోతో సరిచూసుకుంటూ అరగంట చేసింది. ముసలామె చూసి చూసి, "కొండ యాడికి పోతుంది, రేపు తీసుకో. నన్ను తియ్యి" అన్నది. కొంగు సర్దుకుని లేచి నిలబడింది. పాప ఆమెను పక్కకు జరగమంటుందేమో అనుకున్నాను. జరగమనలేదు. కెమెరా కదపకుండా, ట్రైప్ చూసిన కొండ వెనక అట్లాగే ఉండగా, ముందు ఆ అవ్వ, ఆమె కాళ్ళ దగ్గర అనపకాయల చాట. తీసింది.

పన్నెండింటిలో తొమ్మిది ఇట్లా జంటలు. మిగిలిన మూడు ఒకే ఫోటోలో రెండు సంగతులు పడ్డవి. ఈ రెండో రకం తేలిక అనిపిస్తుంది గానీ నాకు అదే కష్టం అనిపిస్తుంది. హోసూరులో నిలబడితే ఎటు తిరిగినా ఎదురెదురు సంగతులే. చంద్రచూడేశ్వరుని కొండ మెట్ల మీద నుంచి చూస్తే ఫ్యాక్టరీ రేకుల కప్పులు, ఊరి బయట గులాబీలు పెంచే ప్లాస్టిక్ పందిళ్ళు. వాచీల ఫ్యాక్టరీకీ మోపెడ్ల ఫ్యాక్టరీకీ 1980లు మనకు తెచ్చిన పేరు అంతా ఇంతా కాదు. బజారులో ఒకే అంగడి బోర్డు మీద తమిళం, కన్నడం, తెలుగు, ఇంగ్లీషు. గుడి గోపురం పక్కన సెల్ టవరు పెట్టి తీస్తే మాస్టరు ఒప్పుకోలేదట. పాతది, కొత్తది అని తెలిసిపోయింది, ఆ తరవాత చూసేందుకు ఏముంది అన్నాడట. నాకూ అదే అనిపించింది. రఘువీర్ సింగ్ అనే గొప్ప ఫోటోగ్రాఫరు దేశమంతా తిరిగి అంబాసిడర్ కారు కిటికీ, అద్దం, తలుపు సందుల్లోంచి ఫోటోలు తీశాడు. ఆయన చనిపోయాక 2002లో అవి పుస్తకంగా వచ్చాయి. కారు ఒకటే, బయట దేశం మారుతూ ఉంటుంది. పాప దాన్ని చూసి, హోసూరు నుంచి కృష్ణగిరి పోయే టౌను బస్సు కిటికీ కమ్మీల్లోంచి మూడు తీసింది. ఒకదాంట్లో కమ్మీల మధ్య కృష్ణగిరి కోట కొండ, పక్కనే లారీ మీద గ్రానైట్ దిమ్మె. కొండ ముక్క కొండ ముందునుంచే పోతోంది. ఎక్కడి వంటింటి గట్టుకో.

ట్రైప్ తీసిన చిన్న స్టీరియో ఫోటోల సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. రెండు కటకాలు, రెండు కళ్ళకున్నంత ఎడంలో. అచ్చు వేస్తే పక్కపక్కన రెండు బొమ్మలు, చూడ్డానికి రెండూ ఒకటే. పెట్టెలో పెట్టి రెండు కళ్ళతో చూస్తే గోపురం ముందుకు లేచి నిలబడుతుంది. ఆ రెంటి మధ్య ఉన్న కొంచెం తేడా వల్లనే లోతు తెలుస్తుంది, సరిగ్గా ఒకటే అయితే ఏమీ లేవదు. పాప రాయకోటలో ఒకే చోట నుంచి తీసిన రెండు ఫోటోలను, అవ్వ లేనిదీ అవ్వ ఉన్నదీ, అట్లా పక్కపక్కన పెట్టింది. అవ్వకు ఒక కాపీ ఇచ్చి రావాలి. ఆమె కొండ అక్కర్లేదు, నా ముఖం పెద్దగా వేసి ఇవ్వు అన్నది, రెండు రకాలూ తీసుకుపోతున్నాం.

మీలో ఎవరింట్లోనైనా మన ఊళ్ళ వీధి గానీ కొండ గానీ చెరువు గానీ వెనక కనబడే పాత ఫోటో ఉంటే, అది 1980కి ముందుదైతే, దయచేసి ఒకసారి చెప్పండి. పెళ్ళి ఊరేగింపు, తేరు పండగ, బడి పిల్లల గుంపు, ఏదైనా సరే. స్టూడియో తెరలు మా ఇంట్లోనే చాలా ఉన్నాయి. పటం విప్పేటప్పుడు అట్ట చింపొద్దు, వెనక రాత ఉంటే ముందు దాన్ని ఫోన్లో తీసుకోండి. చదవడం రాకపోతే పంపండి, మా తమ్ముడు చదివి పెడతాడు.